మేకతోలు కడియం

ముందు ఎడమ ముక్కుపుటం కింద, తర్వాత కుడిదాని కింద. పచ్చ రేకు డబ్బీలోంచి వేలికొసతో తీసిన కర్పూరం లేపనాన్ని మాజుంగు రోజూ అదే వరసలో రాసుకుంటుంది. ఏళ్ల తరబడి రాసీ రాసీ పై పెదవి మీద చర్మం రెండు చోట్ల నల్లబడింది. దూరం నుంచి చూసేవాళ్లు సన్నటి మీసం ఉందేమో అనుకుంటారు. అనుకున్నా ఆవిడకు బాధ లేదు. లోకం ముక్కులోకి రాకుండా ఉంటే అదే పదివేలు.

ఆ పొద్దున లోకం ఇంట్లోంచే మొదలైంది. చెల్లెలు బోని ఉల్లిపాయలు వేసి గొడ్డు కాలేయం వేయిస్తోంది. పెనం మీది ఆవిరి నడవలోకి వచ్చి, తలుపు వెనక తగిలించిన తెల్లకోటుకు పడుతోంది. మాజుంగు గబగబా కోటు తీసి చంకలో పెట్టుకుంది.

"కిటికీ తియ్యవే. పొద్దున్నే ఏంటా కంపు?"

"కంపా? సొవెటోలో సగం మంది దీనికోసం కసాయి కొట్టు ముందు లైను కడతారు. నీ ముక్కుని పోలీసులకి అప్పగిస్తే ఈపాటికి మన వీధిలో గంజాయి అమ్మేవాడు ఒక్కడూ మిగిలుండేవాడు కాదక్కా."

"పిల్లల పొట్టల్లో పెట్టే వస్తువుని పెనం మీదెట్లా వేస్తావో నాకర్థం కాదు."

"ఇది ఆవుదిలే. దీనికోసం ఎవరూ ఎదురుచూట్టం లేదు."

మాజుంగు నవ్వలేదు. వెన్న రాసిన రెండు రొట్టె ముక్కలు కాగితంలో చుట్టుకుని బయటపడింది. ఆవిడ కాలేయం తినక చాలా ఏళ్లయింది. భర్త తాగి తాగి కాలేయం కుళ్లబెట్టుకుని వెనక గదిలో పడి ఉన్న రోజుల్లో, పచ్చబడిన ఆ ఒంటిని కడిగి, దుప్పట్లు మార్చి, నోటితో గాలి పీల్చుకుంటూ చాకిరీ చేసింది. అతను పోయిన రోజున ఏడవడానికి ముందు ఆవిడ చేసిన పని గది కిటికీలన్నీ బార్లా తెరవడం. అది బోని ఒక్కతే చూసింది. ఎన్ని ఎకసెక్కాలాడినా ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

వ్యానులాంటి షేర్ టాక్సీలో ఆవిడ ముందు సీటు ఎక్కదు. ముందు కూర్చున్నవాళ్లే వెనకనుంచి అందరూ చేతులు మార్చుకుంటూ పంపే డబ్బులు తీసుకుని చిల్లర ఇవ్వాలి. ఆ చెమట నాణేలు, ఎవరెవరి చేతులు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో. ఆవిడ చివరి వరసలో కిటికీకి ఒరిగి, తన నోటు ముందుకు పంపేటప్పుడు కూడా రెండు వేళ్ల కొసలతోనే పట్టుకుంటుంది. పక్కన ఒకతను నూనె ఓడుతున్న పిండివడ కొరుకుతూ ఫోనులో ఎవర్నో తిడుతున్నాడు. అతని మోచెయ్యి తగిలినప్పుడల్లా ఆవిడ కోటును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. సాటి మనుషుల మీద ఇంత రోత పెట్టుకున్న మనిషి, బతుకుతెరువుకు ఏ గాజు సామాను కొట్టో చూసుకోకుండా, పసిపిల్లల రక్తం తీసే పని ఎందుకు పట్టిందో అని ఎవరైనా అడగొచ్చు. అప్పట్లో ఆ ఉద్యోగం ఖాళీ ఉంది. అంతే.

పని మాత్రం బాగా వచ్చు. కాలేయం మార్చిన పిల్లల వార్డులో ఆవిడ గుచ్చితే ఒక్కసారికే రక్తం వస్తుందని పేరు. ఆ పేరు పిల్లలకు అక్కర్లేదు. తోపుడుబండి చక్రం కిర్రుమంటే చాలు, తలుపు దగ్గర మంచం నుంచి ఏడుపు మొదలై చివరిదాకా పాకుతుంది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు, బుజ్జగించదు. రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, సూది దించి, గొట్టాలు నింపి, దూది ఒత్తి వెళ్లిపోతుంది. ఉచ్చ తడిసిన పక్కలు, తాగి కక్కిన పాలు, గాయాల కట్ల మీద ఊరిన చీము, పిల్లల నోళ్లలోంచి వచ్చే చేదు మందుల వాసన, వీటన్నిటి మధ్య ఆవిడ కర్పూరం వెనక దాక్కుని పని చేసుకుపోతుంది. పెళ్లయిన ఆడదాన్ని పుట్టింటి వంశం పేరుతో పిలవడం మర్యాద కాబట్టి అందరికీ ఆవిడ మాజుంగు, అంటే జుంగు వారి ఆడపడుచు. లుంగిలె అన్న సొంత పేరు మెడలో కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

కిటికీ పక్క మంచం ఫికిలెది.

ఫికిలెకు ఐదేళ్లు. కాలేయంలోంచి పసరు కిందికి దిగే దారి లేకుండా పుట్టింది. కళ్లు పసుపు ముద్దలై, పొట్ట ఉబ్బి, గోకీ గోకీ ఒళ్లంతా పుండ్లు చేసుకుంది. మొన్నటి చలికాలం మొదట్లో, రోడ్డు ప్రమాదంలో పోయిన ముక్కూ మొహం తెలియని ఒక మనిషి కాలేయంలోంచి ముక్క కోసి దీని పొట్టలో పెట్టారు. కళ్లు తెల్లబడ్డాయి, దురద పోయింది. ఎంసింగా కొండల్లోని ఇంటికి పంపించారు. వెళ్లిన కొన్నాళ్లకే జ్వరం తగిలి మళ్లీ ఇక్కడికొచ్చి పడింది. ఇప్పుడు జ్వరం తగ్గింది. ఒంట్లో కాపలా కాసే కణాలు ఎలా ఉన్నాయో తేలాలి. అవి మరీ రెచ్చిపోతే కొత్త కాలేయాన్ని పరాయిదని పీకి పారేస్తాయి. మరీ తగ్గిపోతే దారిన పోయే క్రిములన్నీ లోపలికి వచ్చేస్తాయి. వాటిని అదుపులో పెట్టడానికి పిల్లకు రెండు పూటలా మందు వేస్తారు. ఆ మందు ఎంత వెయ్యాలో రక్తంలో ఆ కణాల లెక్క చూసి చెబుతారు. ఇవాళ్టి లెక్క బాగుంటే ఫికిలె రేపు ఇంటికి వెళుతుంది.

ఇంటి దగ్గర్నుంచి వస్తూ వస్తూ పిల్ల కుడి మణికట్టుకు ఒక కడియం తగిలించుకొచ్చింది. పోయిన పెద్దలకు మేకను కోసి, దాని తోలులోంచి చీల్చి, పచ్చిగా ఉండగానే చేతికి ఎక్కించిన వెడల్పాటి పట్టీ. మీద బొచ్చు అలాగే ఉంది. అది చేతి మీదే ఎండాలి, దానంతటది ఊడి రాలాలి. అప్పటిదాకా ఎవరూ తియ్యకూడదు. ఎండేలోపు అది చేసేదల్లా కంపు కొట్టడం. నానినప్పుడు ఒక రకం, ఆరినప్పుడు ఇంకో రకం.

"వందనాలు మన్జీని," అంది ఫికిలె నానమ్మ, మంచం పక్కనుంచి లేచి. మన్జీని అన్నది జుంగు వంశం వాళ్లను గౌరవంగా పిలిచే పేరు. ఆవిడ రోజూ అలాగే పలకరిస్తుంది. మాజుంగు రోజూ లాగే బండి వైపు చూస్తూ "ఊ" అంది.

"రాత్రి పిల్ల బాగా నిద్రపోయింది తల్లీ. గంజి కూడా తాగింది. ఇవాళ రక్తం మంచిగా చెబుతుందంటావా?"

"నేను తీసేదాన్నే. చెప్పేదాన్ని కాదు."

ఫికిలె ఏడవలేదు. వార్డులో ఏడవని పిల్ల అదొక్కతే. కళ్లు ఇంత చేసుకుని మాజుంగు పెదవి వైపు చూసింది.

"నీ ముక్కు కింద ఏంటది?"

"జలుబు మందు."

"రోజూ జలుబేనా నీకు?"

"రోజూనే. చెయ్యి చాపు."

పిల్ల కుడి చెయ్యి చాపింది. ఎడమ ముంజేతిలో సెలైన్ సూది ఉంది, నీళ్లు బొట్లు బొట్లుగా దిగుతున్నాయి. సెలైన్ ఎక్కే చేతినుంచి రక్తం తీయకూడదు. తీస్తే అందులో నీళ్లు కలిసి లెక్క తప్పుతుంది. ఈ పనిలో చేరిన మొదటి వారం ఎవరైనా నేర్చుకునే సంగతి ఇది. నిన్నటిదాకా ఎలాగో పనికొచ్చిన కుడి మోచేతి నరమేమో ఇన్ని నెలల సూదులకు తాడు ముక్కలా గట్టిపడింది. ఇక మిగిలింది మణికట్టు పక్క నరం, సరిగ్గా ఆ తోలు కింద. దాన్ని వేలితో పైకి జరిపి, మొహం వంచి చూడాలి.

మాజుంగు వంగింది. కర్పూరాన్ని తోసుకుని ఆ వాసన లోపలికి వచ్చింది. పాత కొవ్వు, తడి బొచ్చు, చెమట. వాంతికి ముందటి నీళ్లు నోట్లో ఊరాయి. బొచ్చు మధ్య ఏదో తెల్లగా కదిలినట్టనిపించింది. నిజానికి అది పక్క దుప్పటి నూలుపోగు. ఆవిడ ఆగి చూడలేదు. ఛీ అని లోపల అనుకుని, బండిని అవతలి వైపుకు తిప్పి, ఎడమ మోచేతికి పట్టీ కట్టి, సూది దించేసింది. సెలైన్ ఆపలేదు. ఆపి కాసేపు ఆగాలన్నది కూడా తెలుసు. ఆగితే అక్కడే, ఆ వాసనలోనే నిలబడాలి. గొట్టాలు నిండాయి. రోజూ కంటే రంగు కాస్త పలచగా ఉందేమోనన్న అనుమానం వచ్చింది. వెలుతురు వల్ల అయ్యుంటుందని సర్దిచెప్పుకుంది.

"ఇవాళ ఈ చేతికా?" అంది ఫికిలె.

"మాట్లాడకు. దూది గట్టిగా పట్టుకో."

మధ్యాహ్నం మెట్ల పక్క బెంచీ మీద కూర్చుని రొట్టె ముక్కలు విప్పింది. బయట చెట్లనిండా ఊదా పూలు పూసి, రాలినవి కార్ల చక్రాల కింద నలిగి జిగటగా ఉన్నాయి. అందరూ వాటిని ఫోటోలు తీసుకుంటారు. ఆవిడకు ఆ పూల వాసన కూడా గిట్టదు. పిల్ల చెయ్యి చాపిన తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు.

చిన్నప్పుడు తనకూ కట్టారు అలాంటిది. జబ్బుచేసి లేచాక నాన్న మేకను కోసి, తన పేరు పెద్దలకు గట్టిగా చెప్పి, చేతికి తోలు ఎక్కించాడు. ఆ వారమంతా తానే ఇంటికి మహారాణి. సోమవారం మిషన్ బడిలో టీచరమ్మ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, అందరి ముందూ నిలబెట్టి కత్తెరతో కోసి, చీపురుతో బయటికి తోసింది. పిల్లలు మే మే అని అరిచారు. లుంగిలె ఇంటికి వెళ్లి తోలు దానంతటదే రాలిందని అబద్ధం చెప్పి, ఏటి ఒడ్డున ఇసుకతో చెయ్యి తోముకుంది. అప్పట్నుంచీ కంపు అన్నది ఎప్పుడూ ఎదుటివాళ్ల దగ్గర్నుంచే వస్తుందని నమ్ముకుని బతికింది. ముక్కు కింద లేపనం తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది.

రొట్టె కాగితంలో మళ్లీ చుట్టేసింది.

వార్డుకు తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర గొంతులు వినిపిస్తున్నాయి. డాక్టర్ క్రీల్, అంటే ఆ పిల్లలను చూసే కుర్ర డాక్టరమ్మ, ల్యాబ్ నుంచి వచ్చిన లెక్కలు పట్టుకుని మంచం దగ్గర నిలబడి ఉంది. పక్కన వార్డు పెద్ద, సిస్టర్ మొరేకి, డాక్టరమ్మ మాటలను నానమ్మకు అర్థమయ్యేలా చెబుతోంది.

"రక్తంలో కాపలా కణాలు పడిపోయాయంట అవ్వా. బాగా పడిపోయాయి. అందుకే సాయంత్రం నుంచి మందు సగానికి తగ్గిస్తారు. రేపు ఇంటికి పంపించరు. ఇంకోటి, ఆ తోలు తీసెయ్యాలి. లోపల కాపలా లేనప్పుడు ఇట్లాంటి కుళ్లు చేతికుంటే క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి."

"ఇన్నాళ్లూ ఉంది కదమ్మా. జ్వరం కూడా తగ్గింది."

"లెక్క చూస్తే ఇది ఇప్పుడు హాని చేస్తోందనే తెలుస్తోంది," అంది డాక్టరమ్మ. ఆమె మొహంలో వెటకారం లేదు, కంగారే ఉంది. "మీ ఆచారాన్ని తక్కువ చెయ్యడం లేదండీ. కానీ నేను పాపను కాపాడుకోవాలి కదా."

నానమ్మ మంచం కింద నుంచి దుప్పటి మూట లాగి, పిల్ల బట్టలు అందులో పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్ అవ్వా?"

"ఇంటికెళతాం. దాని పొట్టలో ఎవరో పరాయి మనిషి ఉన్నాడు. మంచివాడో చెడ్డవాడో, పోయినవాడు. ఇతను మన పిల్లను బతికించడానికి వచ్చాడు, తరమకండి, మీలో ఒకడిగా చూసుకోండి అని మేకను కోసి మా పెద్దలకి చెప్పుకున్నాం. మేక చేదు పసరు దీని చేతుల మీదా కాళ్ల మీదా పోశాం. ఆ మాటకి గుర్తు ఈ తోలు. మీరిప్పుడు కత్తెరేస్తే మేం మాట తప్పినట్టు. వాళ్లు అతన్ని తరుముతారు. అప్పుడు మీ మందేం చేస్తుంది తల్లీ?"

"మందు లేకుండా ఇంటికెళితే నెల తిరక్కుండా కాలేయం పోతుంది," అంది మొరేకి, ఓపిక తగ్గి. "అప్పుడు మేకల మంద కోసినా రాదు."

"సరే పోతే పోనీ. తోలు కొయ్యనివ్వను."

ఫికిలె ఇద్దరి మొహాలూ చూసి, కుడి చెయ్యి దుప్పటి కిందికి దాచుకుంది.

తలుపు దగ్గర మాజుంగు బండి పిడి పట్టుకుని నిలబడిపోయింది. ఆ లెక్క తప్పు అని ఆ గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. సాయంత్రం మందు సగమైతే, పడిపోయాయనుకుంటున్న ఆ కణాలు, అసలు పడిపోనే లేదు గనక, రెచ్చిపోయి కాలేయం మీద పడతాయి. మందు తగ్గించకముందే నానమ్మ మూట కట్టుకుని పోతే అదింకో రకం చావు. ఎటు తిరిగినా పోయేది పిల్లే. నోట్లో మళ్లీ నీళ్లూరాయి. ఈసారి చుట్టుపక్కల ఏ వాసనా లేదు.

ఆవిడ సిస్టర్ మొరేకిని చెయ్యి పట్టుకుని మందుల గదిలోకి లాక్కెళ్లింది.

"ఆ రక్తం ఎడమ చేతినుంచి తీశాను. సెలైన్ నడుస్తుండగా."

మొరేకి తలుపు మూసింది. "పిచ్చా నీకు? నువ్వా? ఎందుకట?"

"కుడి చెయ్యి పట్టుకోలేకపోయాను. కంపు."

"కంపు." మొరేకి ఆ మాటను ఒకసారి నోట్లో తిప్పుకుంది. "ఇన్నేళ్లు పిల్లల ఉచ్చల్లో పీతుల్లో తిరిగి, మేకతోలు దగ్గర ఆగిపోయావా?"

మాజుంగు తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"సరే విను. రక్తం గడ్డకట్టింది, చెడిపోయింది, మళ్లీ కావాలంటాను. వెళ్లి సరిగ్గా తియ్యి. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు. ఏడాది చివరికి నీ రిటైర్మెంటు. కేకు కూడా చెప్పి పెట్టాం."

"తోలు వల్లే పడిపోయిందని చెప్పారు ఆవిడకి."

"చెప్పారు. మళ్లీ బాగుందని చెబుతారు. పోతుంది."

"పోదు. మళ్లీ ఎప్పుడు ఏం తేడా వచ్చినా ఆ తోలు మీదే పెడతారు. ఆవిడ మూట కట్టుకుంటోంది మొరేకీ."

"నువ్వెప్పట్నుంచి తోళ్ల తరఫున మాట్లాడుతున్నావ్?"

తోలంటే మాజుంగుకు ఇప్పటికీ రోతే. వెనక్కి తిరిగి వార్డులోకి నడిచింది. నానమ్మ మూట ముడి వేస్తోంది. డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది.

"అక్కా," అంది మాజుంగు. ఆ మాట ఆవిడ నోట ఆ వార్డులో ఎవరూ విని ఉండరు. "ఆ ముడి విప్పండి. తోలు తప్పేం లేదు. తప్పు నాది. పొద్దున మీ పిల్ల కుడి చెయ్యి ముట్టుకోవడానికి నాకు అసహ్యమేసింది. సెలైన్ ఎక్కే చేతినుంచి తీశాను. అందులో సగం నీళ్లు. ఆ లెక్క అబద్ధం."

డాక్టరమ్మ చేతిలోని కాగితం కిందికి దిగింది. సిస్టర్ మొరేకి గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుంది.

నానమ్మ ముడి విప్పలేదు. మాజుంగు మొహంలోకి చూసింది. "నాకు తెలుసమ్మా. మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నా. వంశం పేరు పెట్టి పలకరిస్తే బండికి జవాబు చెబుతావ్. చెయ్యి తగిలితే నీళ్లగది దాకా పరిగెడతావ్. మా పల్లెలో కుక్కను కూడా మొహం చూసే అదిలిస్తాం. రోజూ అనుకునేదాన్ని, ఈవిడ కూడా ఎవరో ఒకరి కూతురే కదా, ఎక్కడ చెడిందా అని."

తిట్టి ఉంటే బాగుండేది. కుడి చేతివైపున్న కుర్చీని నానమ్మ తన గుడ్డతో తుడిచి, కూర్చోమన్నట్టు జరిపింది.

మాజుంగు చేతులు సబ్బుతో కడుక్కుంది. పెదవి మీది లేపనం కూడా తుడిచేసుకుంది. ఎందుకు తుడుచుకుందో ఆవిడకే తెలియదు. కూర్చుని, నరం తెలియడం కోసం తొడుగు లేకుండానే పిల్ల చెయ్యి అందుకుంది. వాసన ఏ అడ్డూ లేకుండా ముక్కులోకి వచ్చింది. పళ్లు బిగబట్టి, బొటనవేలితో తోలును పైకి జరిపింది. లోపలి వైపు తడిగా, జారుడుగా ఉంటుందనుకుంది. పొడిగా ఉంది. కింద చర్మం శుభ్రంగా, ఒక్క ఒరుపు లేకుండా ఉంది. ఆ ముసలావిడ రోజూ ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డ కొస తోలు కిందికి దోపి, తుడిచి, ఆరబెడుతోంది. వార్డులో అందరూ చూస్తుండగానే చేసేది. మాజుంగు మాత్రం చూడలేదు, అటు తిరగదు గనక.

నరం వేలి కింద కదిలింది. తొడుగులు వేసుకుని, సూది దించింది. రక్తం చిక్కగా, నల్లటి ఎరుపుతో గొట్టంలోకి వచ్చింది.

"అయిపోయిందా?" అంది ఫికిలె.

"అయిపోయింది."

"నీ జలుబు మందు చూపించవా?"

మాజుంగు జేబులోంచి పచ్చ డబ్బీ తీసి దాని ఒళ్లో పెట్టింది. పిల్ల మూత తిప్పలేక ఇస్తే తనే తీసిచ్చింది. ఫికిలె ముందు వాసన చూసి ముక్కు ముడుచుకుంది. తర్వాత చూపుడువేలు నిండా తోడుకుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా, తన చేతి మీది మేకతోలుకు రాయడం మొదలుపెట్టింది. బొచ్చు తడిసి ఒక పక్కకు అంటుకుపోయింది.

"రేపు నీకు కంపు కొట్టదు," అంది. "అప్పుడు మొహం అటు తిప్పుకోనక్కర్లేదు."

మాజుంగుకు తన మీద తనకు కలిగిన రోత ముందు ఆ పొద్దుటి రోత లెక్కలోది కాదు. డబ్బీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. నానమ్మ పిల్ల చెయ్యి ఆపలేదు, తల మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

సాయంత్రం మందు వేళ కాకముందే కొత్త లెక్క వచ్చింది. కాపలా కణాలు ఉండవలసిన చోటే ఉన్నాయి. మందు ఎప్పటిలాగే వెయ్యమని, పాప రేపు వెళ్లవచ్చని, తోలు మీద పలచటి గుడ్డ చుడితే చాలునని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. ఆ మాటలు మాజుంగు మందుల గదిలోంచి విన్నది. అక్కడ ఆవిడ కోటు విప్పి మడతపెడుతోంది.

"అందరి ముందూ చెప్పావు. ఇక పైకి రాయక తప్పదు," అంది సిస్టర్ మొరేకి. "విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గరుండు. నువ్వు మళ్లీ వస్తావని నేననుకోను."

"నేనూ అనుకోను."

"నోరు మూసుకుని ఉంటే అయిపోయేది కదే."

"అయిపోయేది."

మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బండి తీసుకెళ్లి దాని చోట గోడకు ఆనించింది. చక్రం కిర్రుమంటే తలుపు దగ్గరి పిల్లవాడు అలవాటుగా ఏడుపు లంకించుకున్నాడు. ఆవిడ వెళ్లిపోతున్నట్టు ఎవరూ గమనించలేదు. కిటికీ పక్క మంచం మీద ఫికిలె నానమ్మ తొడ మీద తలపెట్టి నిద్రపోతోంది. నానమ్మ లేవబోయి, పిల్ల కదులుతుందని ఆగి, కూర్చున్న చోటునుంచే "వెళ్లిరా మన్జీని" అంది.

"ఉంటానక్కా," అంది మాజుంగు, ఆవిడ మొహంలోకి చూసి.

టాక్సీలో ముందు సీటు ఒక్కటే ఖాళీ ఉంది. ఎక్కింది. వెనకనుంచి నాణేలు వచ్చాయి, చెమటగా, వెచ్చగా. అందుకుంది, చిల్లర ఇచ్చింది. వెనక ఎవరో మూట విప్పితే ఉడికించిన పేగుల వాసన బండంతా కమ్ముకుంది. చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీగా ఉంది. ఆ చేతినే ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్లకు ఇంకా మేక వాసన ఉంది. దించకుండా అలాగే ఇంటిదాకా కూర్చుంది.

వార్డులో దీపాలు వేశారు. కిటికీ పక్క చిన్న బల్ల మీద, రేపటికోసం మడిచిన పిల్ల గౌను పక్కన, పచ్చ రేకు డబ్బీ మూత లేకుండా ఉంది, లేపనం మధ్యలో ఒక చిన్న వేలు తోడిన గుంటతో.